జేబులోని బేసిక్ బల్ల మీదికి: ఒక ప్రాజెక్టు డైరీ

నవంబరు, మొదటి శనివారం

మా అమ్మాయి టీఐ-84 ప్లస్ కాలిక్యులేటర్‌లో రాసుకున్న ప్రోగ్రాములు కంప్యూటర్ మీద నడవాలి. తెర మీద కాలిక్యులేటర్ బొమ్మ పెట్టి మౌసుతో మీటలు నొక్కడం కాదు, ఆ భాషే కంప్యూటర్‌కు తెలియాలి. పని ఇంతే. ఎంత కాలం పడుతుందో చూడాలి.

మన దగ్గర చదువుకున్నవాళ్లకు ఈ భాష పెద్దగా పరిచయం ఉండదు. మాకు తెలిసిందల్లా సైంటిఫిక్ కాలిక్యులేటర్. ప్రోగ్రాము రాసుకునే రకాన్ని పరీక్ష హాలు గుమ్మం దాటనిచ్చేవారు కాదు. జేఈఈలో కాలిక్యులేటరే నిషిద్ధం, గేట్‌లో తెర మీద వాళ్లిచ్చేదే దిక్కు. అమెరికాలో సంగతి వేరు. హైస్కూలు ఆల్జీబ్రా నాటికే గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ పిల్లల చేతికొస్తుంది. దానిలో ప్రోగ్రాములు రాసుకోవచ్చని ఒకరు కనిపెడితే చాలు, తరగతంతా అంటుకుంటుంది.

మేముండేది డాలస్ శివార్లలో. ఈ కాలిక్యులేటర్ చేసే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. 1958లో జాక్ కిల్బీ తొలి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌ను పనిచేయించి చూపించింది కూడా ఇక్కడే. గ్రాఫు కాలిక్యులేటర్ల వరసలో టీఐ-81 1990లో వచ్చింది. ఆ తర్వాత 1993లో 82, 1996లో 83, 1999లో 83 ప్లస్, 2004లో 84 ప్లస్ వచ్చాయి. వాటిలోని భాషను అందరూ టీఐ-బేసిక్ అంటారు. 83 నుంచి 84 ప్లస్ వరకు దాని స్వరూపం దాదాపు ఒకటే. మా అమ్మాయి కాలిక్యులేటర్‌లో ఈ భాషలో రాసినవి చాలానే పోగయ్యాయి: వర్గ సమీకరణం సాధించేది, పాచికలాట, పాము ఆట, కెమిస్ట్రీ లెక్కలు. అవన్నీ పదహారు అక్షరాల వెడల్పున్న తెర మీద, ఒక్కో ఆదేశాన్నీ మెనూలో వెతికి ఎంచుకుని రాసినవే. ఆ ఓపిక చూసే ఈ పని మొదలుపెట్టాను.

వాబిట్‌ఎము, టిల్‌ఎమ్ లాంటి ఎమ్యులేటర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ అవి కాలిక్యులేటర్‌లోని జెడ్80 చిప్పును మొత్తంగా అనుకరిస్తాయి. వాటికి కాలిక్యులేటర్ రోమ్ నకలు, అంటే దానిలో శాశ్వతంగా ఉండే సాఫ్ట్‌వేర్ నకలు కావాలి. జవాబులు కూడా ఆ చిన్న తెరలోనే ఉండిపోతాయి. నాకు కావలసింది మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో రాసి, కమాండ్ లైన్‌లో ఫైలు పేరు ఇస్తే నడిచే ఇంటర్‌ప్రెటర్, అంటే రాసినదాన్ని చదువుతూ అప్పటికప్పుడు నడిపించే ప్రోగ్రాము. పైథాన్ భాషలో రాస్తున్నాను. పైథాన్ నిదానం అంటే నేను ఒప్పుకోను, అవతల ఉన్నది 15 మెగాహెర్ట్జ్ చిప్పు.

నవంబరు, రెండో వారాంతం: ఫైలు విప్పడం

కేబులు పెట్టి కంప్యూటర్‌లోకి దించుకుంటే వచ్చే ఫైలు పేరు చివర 8ఎక్స్‌పీ అని ఉంటుంది. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే చెత్త కనిపిస్తుంది. అందుకే వీలైనంత చిన్న ప్రోగ్రాము ఒకటి రాయించాను. పేరు ‘ఎ’, లోపల ఒకటే పంక్తి: డిస్ప్ ఎక్స్+1. అంటే ఎక్స్‌కు ఒకటి కలిపి తెర మీద చూపించు అని.

ఫైలు మొత్తం 80 బైట్లు. మొదటి 8 బైట్లు సంతకం, అంటే ఇది ఏ రకం ఫైలో చెప్పే గుర్తు. తర్వాత 26, 10, 0 అనే మూడు బైట్లు ఎప్పుడూ మారవు. వాటి వెనక వ్యాఖ్య కోసం 42 బైట్లు, అసలు సమాచారం పొడవు చెప్పే 2 బైట్లు. ఇక్కడికి 55. ఆ తర్వాత 23 బైట్ల అసలు సరుకు, చిట్టచివర సరిచూసుకునే మొత్తం 2 బైట్లు.

ఆ 23 బైట్లలో పొడవు మళ్లీ రెండు సార్లు రాసి ఉంటుంది, అదీ అదే అంకె: 6, మళ్లీ 6. లోపలికి వెళ్తే టోకెన్ల (ఆదేశాలకూ గుర్తులకూ కాలిక్యులేటర్ వాడే సంకేత సంఖ్యల) పొడవు ఇంకోసారి: 4. ఇంత చిన్న ఫైలులో పొడవులు నాలుగు చోట్ల! 23, 6, 6, 4. వీటిలో ఏ ఒక్కటి పొసగకపోయినా నా ప్రోగ్రాము ఫైలును తిప్పి పంపుతుంది. ఎక్కడ పొసగలేదో చెప్పి మరీ పంపుతుంది.

సరిచూసే మొత్తాన్ని చేత్తో లెక్కగట్టాను. 13, 6, 5 (ప్రోగ్రాము అని చెప్పే గుర్తు), 65 (ఎ అక్షరం), మళ్లీ 6, 4, ఆపైన నాలుగు టోకెన్లు 222, 88, 112, 49. మిగిలినవన్నీ సున్నాలు. కూడితే 570. ఫైలు చివర ఉన్న రెండు బైట్లు 58, 2. చిన్న బైటు ముందు రాసే పద్ధతి కాబట్టి 2ను 256తో గుణించి 58 కలిపితే 570. సరిపోయింది. కేవలం కూడికతో సరిపోయే లెక్క సరిపోయినందుకు ఇంత సంతోషమేమిటని ఇంట్లో అడిగారు. జవాబు చెప్పలేదు.

నవంబరు, మూడో వారాంతం: టోకెన్లు

పైన 222 అన్నది డిస్ప్. అక్షరాలు కావు, ఆదేశం మొత్తానికీ ఒకే బైటు. 88 ఎక్స్, 112 కూడిక గుర్తు, 49 ఒకటి అంకె. పంక్తి ముగిస్తే 63. సైన్ ఫంక్షన్‌కు 194, దానిలోనే తెరిచే బ్రాకెట్ కూడా ఇమిడి ఉంటుంది. అందుకే కాలిక్యులేటర్ మీద సైన్ నొక్కితే బ్రాకెట్‌తో సహా వస్తుంది. ఒక బైటులో పట్టనివాటికి రెండు బైట్లు: 93 వచ్చిందంటే వెనక జాబితా పేరు ఉంది, 92 అయితే మాత్రిక, 170 అయితే స్ట్రింగ్ (కొటేషన్లలో పెట్టే మాట). చిన్నబడి (స్మాల్) అక్షరాలు కూడా 187తో మొదలయ్యే రెండేసి బైట్లే. 24 కిలోబైట్ల జాగాలో బతికే యంత్రానికి ఈ పొదుపు తప్పదు.

టోకెన్ల నుంచి టెక్స్ట్‌కు మార్చడం తేలిక, ఒక పట్టిక ఉంటే చాలు. టెక్స్ట్ నుంచి టోకెన్లకు రావడమే చిక్కు. కాలిక్యులేటర్‌లో డీ, ఐ, ఎస్, పీ అని నాలుగు పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు వరుసగా కొడితే అది ఆదేశం కాదు, నాలుగు చలరాశుల గుణకారం! పక్కపక్కన రాస్తే గుణించినట్టే కదా. అందువల్ల నా టెక్స్ట్ రూపంలో ఆదేశాల పేర్లలో మొదటి అక్షరం పెద్దబడి, మిగతావి చిన్నబడి. చలరాశులు పెద్దబడి మాత్రమే. పోలిక దొరికినంత పొడవైన టోకెన్‌నే తీసుకోవాలి. స్ట్రింగ్ లోపల అక్షరాలను అక్షరాలుగానే ఉంచాలంటే ముందు ఒక వాలుగీత.

స్ట్రింగులతో ఇంకో మెలిక ఉంది. “సైన్(” అని కొటేషన్లలో పెట్టి పొడవు అడిగితే కాలిక్యులేటర్ 1 అంటుంది, ఎందుకంటే లోపల ఉన్నది ఒకే టోకెన్. అది తెలిసినవాళ్లు దాన్ని వాడుకుంటారు కూడా. కాబట్టి నా ఇంటర్‌ప్రెటర్‌లో స్ట్రింగ్ అంటే యూనికోడ్ అక్షరాల వరుస కాదు, టోకెన్ల వరుస. తెర మీదకు వెళ్లేటప్పుడు మాత్రమే అక్షరాలవుతుంది.

ఇక బ్రాకెట్లు. పంక్తి చివర మూసే బ్రాకెట్లు రాయనక్కర్లేదు. విలువను దాచే బాణం గుర్తు ముందు కూడా అక్కర్లేదు. కొటేషన్ గుర్తుకూ ఇదే మినహాయింపు. ఒక్కో బ్రాకెట్ ఒక బైటు కదా, పిల్లలు అన్నీ ఎగ్గొడతారు. మా అమ్మాయి ప్రోగ్రాముల్లో మూసిన బ్రాకెట్ కనిపించడమే అరుదు. వ్యాకరణం శుద్ధిగా ఉండాలని పట్టుపట్టే పార్సర్ (పంక్తిని విడదీసి అర్థం చేసుకునే భాగం) ఇక్కడ ఒక్క పంక్తి కూడా చదవలేదు. పంక్తి ముగింపు, ఆదేశాలను విడదీసే నిలువు చుక్కల జంట (:), బాణం: ఈ మూడింటిలో ఏది వచ్చినా తెరిచి ఉన్న బ్రాకెట్లన్నీ మూసేస్తున్నాను. స్ట్రింగ్ లోపల మాత్రం నిలువు చుక్కల జంట మామూలు అక్షరమే, దేన్నీ ముగించదు.

థాంక్స్‌గివింగ్ సెలవులు: అంకెలు

సెలవులంతా దీనికే పోయాయి, పోవలసిందే.

పరీక్షకు పెట్టుకున్న చిన్న ప్రోగ్రాము ఇది. సున్నాను ఎక్స్‌లో దాచు. ఎక్స్ ఒకటికి సమానం అయ్యేదాకా తిప్పు. ప్రతి చుట్టులో ఎక్స్‌కు .1 కలుపు. కాలిక్యులేటర్ మీద పది చుట్లలో ఆగుతుంది. పైథాన్ మామూలు దశాంశ సంఖ్యలతో నడిపిస్తే ఎప్పటికీ ఆగదు. “నాన్నా, ఇది ఇరుక్కుపోయింది” అని పక్కనుంచి మా అమ్మాయి. ఇరుక్కోలేదు, ఒకటిని దాటి వెళ్లిపోయింది. కంప్యూటర్ దశాంశాలను ద్విసంఖ్యా పద్ధతిలో దాస్తుంది, .1 అందులో సరిగ్గా ఇమడదు. పదిసార్లు కలిపితే 0.9999999999999999 వస్తుంది. అది ఒకటి కాదు. తర్వాతి చుట్టులో 1.1 దగ్గరకు వెళ్తుంది, ఇక వెనక్కి రాదు.

కాలిక్యులేటర్ అలా దాచదు. ఒక్కో సంఖ్యకు 9 బైట్లు: గుర్తు కోసం ఒకటి, ఘాతం కోసం ఒకటి, మిగతా ఏడు బైట్లలో బైటుకు రెండేసి చొప్పున 14 దశాంశ అంకెలు. కాగితం మీద మనం ఎలా రాస్తామో అలాగే. .1 అంటే అచ్చంగా .1. ఘాతం మైనస్ 99 నుంచి 99 దాకా. తెర మీద చూపించేది మాత్రం 10 అంకెలే, మిగతా నాలుగూ లోపల ఉంటాయి.

పైథాన్‌లో డెసిమల్ అనే మాడ్యూల్ ఉంది, దశాంశాల్లోనే లెక్కిస్తుంది. దాని ఖచ్చితత్వం మామూలుగా 28 అంకెలు, దాన్ని 14కు దించాను. సగం వచ్చినప్పుడు అది సరిసంఖ్య వైపు సవరిస్తుంది. బళ్లో నేర్పినట్టు పైకి సవరించమని మార్చాను. ఘాతం 99 దాటితే ఓవర్‌ఫ్లో దోషం, మరీ చిన్నదైతే సున్నా చేసెయ్యి అని చెప్పాను. 69 ఫ్యాక్టోరియల్ అడిగితే 1.711224524, పక్కన పదికి 98వ ఘాతం. 70 అడిగితే ఓవర్‌ఫ్లో. కాలిక్యులేటర్‌దీ అదే మాట. .5 ఫ్యాక్టోరియల్ కూడా దానికి తెలుసు: .8862269255, అంటే π (పై) వర్గమూలంలో సగం. ఈ సంగతి ఎంతమంది పిల్లలు గమనించి ఉంటారో!

డెసిమల్ మాడ్యూల్‌లో వర్గమూలం, లాగరిథమ్ ఉన్నాయి గానీ సైన్, కొసైన్ లేవు. వాటిని మామూలు దశాంశంలో లెక్కించి 14 అంకెలకు సవరిస్తున్నాను. డిగ్రీల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. 180 డిగ్రీలను రేడియన్లలోకి మార్చి సైన్ అడిగితే పైథాన్ సున్నా అనదు, పదికి మైనస్ 16వ ఘాతం స్థాయిలో ఏదో ఒక నలుసు ఇస్తుంది. కాబట్టి కోణాన్ని ముందు డిగ్రీల్లోనే తగ్గించి, 0, 90, 180, 270లకు జవాబు నేరుగా ఇచ్చేస్తున్నాను.

చూపించే తీరుకూ నియమాలున్నాయి. దశాంశ బిందువు ముందు సున్నా ఉండదు: .5 అంతే. .001 కన్నా చిన్నదైతే ఘాత రూపం. పది అంకెలు మించితే ఘాత రూపం. అంకెలు తెరకు కుడివైపు సర్దుకుంటాయి, మాటలు ఎడమవైపు. ఇవి చిన్న విషయాలే. కానీ నా తెర, దాని తెర పక్కపక్కన పెట్టినప్పుడు ముందుగా కంటికి తగిలేవి ఇవే.

డిసెంబరు, మొదటి వారం: ఏది ముందు, ఏది తర్వాత

1/2ఎక్స్ అని రాసి, ఎక్స్‌లో 4 పెట్టి, విలువ అడగండి. టీఐ-83, 84 అయితే ఎడమ నుంచి కుడికి వెళ్లి 2 అంటాయి. అదే టీఐ-82 అయితే గుర్తు లేని గుణకారానికి పెద్దపీట వేసి, 2ఎక్స్‌ను ముందు లెక్కించి, .125 అంటుంది. ఒకే కంపెనీ, ఒకే భాష, మూడేళ్ల తేడా. వాట్సాప్ గుంపుల్లో బ్రాకెట్ల మీద యుద్ధాలు చేసేవాళ్లకు చూపించవలసిన జత ఇది. నేను 84 పద్ధతే తీసుకున్నాను. 82 ప్రోగ్రాములు నడపాలనుకునేవాళ్ల కోసం ఒక మీట వదిలాను.

తీసివేతకు టోకెన్ 113, రుణ గుర్తుకు 176. కాలిక్యులేటర్ మీద రెండింటికీ మీటలు వేరు, అందుకే బైట్లూ వేరు. నా టెక్స్ట్‌లో రెండూ ఒకే గీత. అది వచ్చిన చోటును బట్టి ఏదో తేలుస్తున్నాను. రుణ గుర్తుకన్నా వర్గానికి ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి రుణ 3 వర్గం అంటే రుణ 9. ఇది గణితం పద్ధతే, పిల్లలు పరీక్షల్లో మార్కులు పోగొట్టుకునేదీ ఇక్కడే.

షరతు నిజమైతే దాని విలువ 1, కాకపోతే 0. ఆ ఒకటీ సున్నాలను మామూలు అంకెల్లాగా కూడికల్లో వాడుకోవచ్చు. పాము ఆటలో తలను జరిపే పంక్తి చూడండి:

ఎక్స్+(కె=26)-(కె=24)→ఎక్స్

కెలో ఉన్నది నొక్కిన మీట సంఖ్య: 26 కుడి బాణం, 24 ఎడమ బాణం. కుడి నొక్కితే ఒకటి కలుస్తుంది, ఎడమ నొక్కితే ఒకటి తగ్గుతుంది, ఏదీ కాకపోతే ఉన్నచోటే. షరతు ఆదేశాలు రెండు రాయాల్సిన చోట ఒక్క పంక్తి. ఉద్యోగంలో ఎవరైనా ఇలా రాస్తే నేనే వెనక్కి పంపుతాను. ఇక్కడ మాత్రం ముచ్చటేసింది.

డిసెంబరు నడుమ: గోటో, ఎండ్

ఇంటర్‌ప్రెటర్ రాయడం నేర్పే పాఠాలన్నీ ప్రోగ్రామును ముందు చెట్టుగా కట్టమంటాయి: లూప్ (తిరిగి తిరిగి నడిచే భాగం) ఒక కొమ్మ, దాని లోపలివి రెమ్మలు, అలా. ఈ భాషకు చెట్టు వద్దని ముందే నిర్ణయించుకున్నాను. కారణం గోటో, అంటే ప్రోగ్రాములో ఇంకో చోటికి దూకమనే ఆదేశం.

కాలిక్యులేటర్ ప్రోగ్రామును చదివే తీరు ఇది. పై నుంచి ఒక్కో ఆదేశం చేసుకుంటూ పోతుంది. లూపులు మొదలుపెట్టే ఫర్, వైల్, రిపీట్ గానీ, షరతు పెట్టే ఇఫ్ వెనక దెన్ గానీ వచ్చిన ప్రతిసారీ ఒక స్టాక్ (ఒకదానిపై ఒకటి పేర్చే దొంతర) మీద గుర్తు పెట్టుకుంటుంది. ఆ భాగాన్ని ముగించే ఎండ్ వస్తే స్టాక్ మీద అన్నిటికన్నా పైనున్న గుర్తు తీసి, అది లూప్ అయితే వెనక్కి వెళ్లాలా వద్దా చూస్తుంది. ఏ ఎండ్ ఏ ఫర్‌కు చెందుతుందన్నది కాగితం మీద తేలదు, నడుస్తున్నప్పుడే తేలుతుంది. గోటో వచ్చిందంటే ప్రోగ్రాము మొదటి నుంచి ఆ లేబుల్ (దూకవలసిన చోటికి పెట్టిన పేరు) కోసం వెతుక్కుంటూ వెళ్లి అక్కడ వాలుతుంది. స్టాక్ జోలికి పోదు.

పోకపోవడంలోనే అసలు కథ ఉంది. ఫర్ లూప్ లోపల ఒక ఇఫ్, దెన్. దాని లోపల, క్లియర్ మీట (45) నొక్కితే మెనూకు గోటో. అలా దూకినప్పుడు స్టాక్ మీద రెండు గుర్తులు మిగిలిపోతాయి: ఒకటి ఫర్‌ది, ఒకటి దెన్‌ది. మెనూలోంచి మళ్లీ ఆట మొదలుపెడితే ఇంకో రెండు. కాలిక్యులేటర్‌లో ఇలా చాలాసేపు ఆడితే చివరికి మెమరీ దోషం వచ్చి ఆగిపోతుంది. మా అమ్మాయి స్నేహితుల్లో దీన్ని ‘కాలిక్యులేటర్ అలిసిపోయింది’ అంటారట.

కంప్యూటర్‌లో ఆ స్టాక్ ఎన్నేళ్లు పెరిగినా జాగాకు లోటుండదు. మరి ఆ దోషాన్ని కూడా దించుకోవాలా? నా తీర్పు: స్టాక్ నడత యథాతథంగా ఉంచాలి, ఎందుకంటే మిగిలిపోయిన గుర్తు మీద తర్వాతి ఎండ్ వాలితే ప్రోగ్రాము నడకే మారుతుంది, దాని మీద ఆధారపడ్డ ప్రోగ్రాములూ ఉంటాయి. జాగా అయిపోయి ఆగిపోవడాన్ని మాత్రం ఉంచనక్కర్లేదు. దాని బదులు గోటో ఏ పంక్తి నుంచి దూకి ఎన్ని గుర్తులు వదిలిందో ప్రోగ్రాము ముగిశాక ఒక హెచ్చరిక ఇస్తున్నాను. పాము ఆటకు వచ్చిన హెచ్చరికల పొడవు చూసి మా అమ్మాయి ఆ ఆటను గోటో లేకుండా తిరగరాస్తోంది.

ఇంకో ప్రసిద్ధమైన చపలత్వం ఉంది. ఫర్‌కు మూసే బ్రాకెట్ పెట్టకుండా, లోపల మొదటి పంక్తిలో దెన్ లేని ఇఫ్ రాస్తే, ఆ షరతు తప్పైనప్పుడల్లా కాలిక్యులేటర్ బాగా నెమ్మదిస్తుంది. జవాబు మారదు, వేగమే పడిపోతుంది. దీన్ని నేను నకలు చేయలేదు. చేసి ఎవరిని ఉద్ధరించాలి?

దెన్ లేని ఇఫ్ ఒకే ఒక ఆదేశాన్ని దాటవేస్తుంది, అంతే. షరతు తప్పై దెన్ ఉంటే, లోపల ఇంకెన్ని బ్లాకులున్నా లెక్కపెట్టుకుంటూ ఎల్స్ గానీ ఎండ్ గానీ దొరికేదాకా ముందుకు వెళ్లాలి. ఇది ఒక పూటలో అయిపోయింది.

క్రిస్మస్ సెలవులు: పాచికలు

పాచికలాట రెండు యంత్రాల మీదా ఒకే పందెం వెయ్యాలి. లేకపోతే నా ఇంటర్‌ప్రెటర్ సరైనదో కాదో పాచికలాటతో ఎలా తేల్చుకోను? అదృష్టవశాత్తు కాలిక్యులేటర్ రాండ్ (యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చే ఆదేశం) వెనక ఉన్న పద్ధతి తెలిసినదే: పియేర్ లెక్యుయే 1988లో ప్రచురించిన జంట జనరేటర్. రాండ్‌లో సున్నా దాస్తే రెండు విత్తనాలు (లెక్క మొదలయ్యే సంఖ్యలు) మొదటి స్థితికి వస్తాయి: 12345, 67890.

మొదటి విత్తనాన్ని 40014తో గుణించి, 2147483563తో భాగించగా మిగిలిన శేషం తీసుకోవాలి. 493972830 వచ్చింది, భాజకం కన్నా చిన్నదే కాబట్టి అదే శేషం. రెండో విత్తనాన్ని 40692తో గుణిస్తే 2762579880. దాన్ని 2147483399తో భాగిస్తే శేషం 615096481. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే రుణ 121123651. దీన్ని 2147483563తో భాగించి, రుణం కాబట్టి ఒకటి కలపాలి: .9435974025.

కాలిక్యులేటర్‌లో సున్నాను రాండ్‌లో దాచి, రాండ్ అడిగాం. తెర మీద .9435974025. రెండోసారి .908318861. కాగితం మీద చేసిన లెక్కా, పైథానూ, కాలిక్యులేటరూ ఒకే మాట మీద నిలబడ్డాయి. ఆ రెండు విలువలను ఆరుతో గుణించి, పూర్ణాంకం తీసి, ఒకటి కలిపితే పాచిక: ఆరు, మళ్లీ ఆరు. మా అమ్మాయి ఈ కిటుకును ముందే కనిపెట్టి ఎవరి మీదో గెలిచిందని ఇప్పుడు తెలిసింది.

దీనివల్ల పరీక్షించే పద్ధతే మారింది. యాదృచ్ఛికత వాడే ప్రతి ప్రోగ్రాముకూ మొదట రాండ్‌లో సున్నా దాచి, రెండు చోట్లా నడిపి, తెరలు పోల్చుకుంటున్నాను.

జనవరి, మొదటి వారాంతం: తెర, మీటలు, వేగం

తెర 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. ఒక్కో అక్షరానికి 6 బై 8 గడి. అంటే వరుసకు 16 అక్షరాలు, మొత్తం 8 వరుసలు. మొదట కమాండ్ లైన్ కిటికీలోనే చూపిద్దామనుకున్నాను. డిస్ప్, ఇన్‌పుట్, ప్రాంప్ట్ వాడే లెక్కల ప్రోగ్రాములకు అది చాలు, ఇప్పటికీ వాటికి అదే వాడుతున్నాను. ఆటలకు మాత్రం చాలదు. మీట నొక్కి పట్టుకున్నారా, వదిలారా అన్నది ఆ కిటికీ చెప్పదు. అందుకే ఆటలకు టికింటర్‌తో (కిటికీలు తెరిచే పైథాన్ మాడ్యూల్‌తో) వేరే కిటికీ.

గెట్‌కీ అన్నది మీట కోసం ఆగదు. చివరిసారి అడిగిన తర్వాత ఏదైనా నొక్కి ఉంటే దాని సంఖ్య ఇస్తుంది, లేకపోతే సున్నా. సంఖ్యలు మీటల స్థానాలే: అడ్డు వరుస పక్కన నిలువు వరుస. ఎంటర్ పదో వరుసలో అయిదోది కాబట్టి 105. పై బాణం 25, కింది బాణం 34, ఎందుకంటే అది ఒక వరుస కిందికి ఉంది. బాణాలూ డిలీట్ మీటా నొక్కి పట్టుకుంటే మళ్లీమళ్లీ పలుకుతాయి, మిగతావి ఒకసారే. కంప్యూటర్ కీబోర్డులో అన్నీ పలుకుతాయి. పైగా లినక్స్‌లో నొక్కి పట్టిన మీటకు వదిలినట్టు, మళ్లీ నొక్కినట్టు జంటలుగా సంకేతాలు వస్తాయి. వదిలిన సంకేతం రాగానే నమ్మకుండా కొన్ని మిల్లీసెకన్లు ఆగి, వెంటనే నొక్కిన సంకేతం వస్తే రెంటినీ పారేస్తున్నాను.

అన్నిటికన్నా నవ్వు తెప్పించింది వేగం. పాము ఆట మొదలుపెట్టగానే ముగిసింది. పాము కనబడనేలేదు, ‘ఓడిపోయావు’ అన్న మాట మాత్రం కనబడింది. కాలిక్యులేటర్ నెమ్మదినే నమ్ముకుని ఆ ఆట రాసి ఉంది. దానికి తోడు అక్కడక్కడా ఒకటి నుంచి రెండు వందల దాకా తిరిగే ఖాళీ ఫర్ లూపులు, కాసేపు ఆగడానికి. కంప్యూటర్ వాటిని రెప్పపాటు కూడా కాకముందే మింగేస్తుంది.

ఖాళీ లూపులను పసిగట్టి ఆగడం ఒక దారి. నాకు నచ్చలేదు, ఎందుకంటే ఆట వేగం ఖాళీ లూపుల్లో మాత్రమే లేదు, ప్రతి పంక్తిలోనూ ఉంది. అందుకని ప్రతి టోకెన్‌కు ఒక ఖరీదు కట్టాను. కూడికకు కొంత, సైన్‌కు ఎక్కువ, తెర మీద రాయడానికి ఇంకా ఎక్కువ. ఖరీదులు పోగై, గడియారం కన్నా ముందుకు వెళ్లినప్పుడల్లా ఇంటర్‌ప్రెటర్ నిద్రపోతుంది. ఖరీదులు తేల్చడానికి అసలు కాలిక్యులేటర్ మీద ఒక్కో ఆదేశాన్ని లూపులో పెట్టి వేల సార్లు తిప్పి, ఫోను స్టాప్‌వాచ్‌తో కొలిచాం. మా అమ్మాయి ఎంటర్ నొక్కేది, నేను ఫోను నొక్కేవాణ్ని. ఇప్పుడు పాము దాని పాత నడకే నడుస్తోంది. లెక్కల ప్రోగ్రాములకు ఈ పగ్గం అక్కర్లేదు, అందుకే అది ఆటల కిటికీలో మాత్రమే ఉంటుంది.

జనవరి, మూడో వారాంతం: ఇప్పటికి ఎక్కడున్నాం

జాబితాలు నడుస్తున్నాయి. జాబితా మొత్తానికి ఒకటి కలిపితే ప్రతి అంశానికీ కలుస్తుంది. చివరి అంశం పక్కన ఒక స్థానంలో రాస్తే జాబితా తనంతట తాను పెరుగుతుంది, రెండు స్థానాలు దాటి రాస్తే దోషం. 999 అంశాల పరిమితిని ఉంచాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడి, ఉంచాను. ఇక్కడ రాసినది తిరిగి కాలిక్యులేటర్‌లోకి వెళ్లినప్పుడు అక్కడ కూలిపోకూడదు కదా. టెక్స్ట్ నుంచి 8ఎక్స్‌పీ ఫైలు చేసి వెనక్కి పంపడం కూడా కుదిరింది. బహుశా మా అమ్మాయి అన్నిటికన్నా ఎక్కువ వాడుతున్నది ఆ సదుపాయాన్నే. పెద్ద కీబోర్డు మీద రాసి, ఇక్కడే సరిచూసుకుని, కాలిక్యులేటర్‌కు ఎక్కించేస్తోంది.

సంకీర్ణ సంఖ్యలు ఇంకా లేవు. వర్గ సమీకరణం ప్రోగ్రాములో విచక్షణి రుణమైతే కాలిక్యులేటర్ మామూలు స్థితిలో నాన్‌రియల్ ఆన్సర్ అని దోషం చూపిస్తుంది, నాదీ అదే చూపిస్తుంది, కాబట్టి తొందర లేదు. మాత్రికల్లో కూడిక, గుణకారం వచ్చాయి. విలోమం రాలేదు.

ఇక పిక్సెల్ ఆదేశాలు (తెర మీది ఒక్కో చుక్కతో పనిచేసేవి) మొదలుపెట్టాలి. అక్షరాలు రాసే అవుట్‌పుట్ ఆదేశం వరుసలను 1 నుంచి లెక్కపెడుతుంది, పిక్సెల్ ఆదేశాలు సున్నా నుంచి. అడ్డు వరుసలు 0 నుంచి 62, నిలువు వరుసలు 0 నుంచి 94. తెరకు 64 వరుసలు, 96 నిలువులు ఉన్నా చివరి వరుసనూ చివరి నిలువునూ ముట్టుకోనివ్వదు. బేసి సంఖ్య ఉంటేనే అక్షరేఖలకు సరైన నడిమి చుక్క దొరుకుతుంది, అందుకు కావచ్చు. గ్రాఫు తెర, అక్షరాల తెర రెండూ వేర్వేరు అని ముందు కిటికీకి నేర్పాలి. ఆ తర్వాతే గీతలు, వృత్తాలు.